బళ్ళారి నుంచి మద్రాసుకు ఎంతసేపు?

మన ఇంట్లో ఒక మాట నలభై ఏళ్ళు దాటి బతికింది. "రావాలనుకుంటే వచ్చేవాడు." ఇది మా నాయన అనే మాట. ఎవరి గురించి అంటే, తన సొంత నాయన గురించి, అంటే మా తాత గురించి. ఈ మాట ఎందుకు పుట్టిందో పెద్దవాళ్ళకు తెలుసు. బెంగళూరులో, అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు తెలీదు. అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను పదో తరగతి దాకా చదివింది బళ్ళారిలో, కన్నడ మీడియంలో. తెలుగు ఇంట్లో మాట్లాడిందే గానీ బడిలో నేర్చుకున్నది కాదు. చదవడం పెదనాయన నేర్పించినాడు, రాయడం ఫోను నేర్పించింది. ఇప్పటికీ చేత్తో రాస్తే తెలుగు తలకట్టు బదులు కన్నడ గీతే వస్తుంది. తప్పులుంటే సర్దుకోండి. ఇంకొక సంగతి, నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఇది ఇట్లా జరిగింది" అంటే, "అట్లా జరగడానికి వీలుందా, చూద్దాం" అనడమే నాకు జీతం తెచ్చే పని. ఆ అలవాటును ఈసారి మన ఇంటి మాట మీద పెట్టినాను.

కథ చిన్నదే. మా తాత బళ్ళారిలో ఫిట్టరు పని నేర్చుకున్నవాడు. మద్రాసు దగ్గర మనలిలో రిఫైనరీ కడుతున్నారు, పైపుల పని తెలిసిన వాళ్ళు కావాలి అని ఎవరో చెబితే, 1967లో ఒక కాంట్రాక్టరు మనుషులతో కలిసి వచ్చేసినాడు. మద్రాస్ రిఫైనరీస్ అనే కంపెనీ 1965 చివర్లో పుట్టింది, 1969లో నూనె శుద్ధి మొదలుపెట్టింది. ఆ నాలుగేళ్ళలో మనలికి నాలుగు దిక్కుల నుంచీ పనివాళ్ళు వచ్చినారు. తాత ఆ గుంపులో ఒకడు. రెండేళ్ళ పని అని వచ్చినవాడు, పక్కనే ఎరువుల ఫ్యాక్టరీ కూడా లేస్తుంటే ఇక్కడే ఉండిపోయినాడు. కొన్నాళ్ళకు పెద్దకొడుకును తెచ్చుకున్నాడు. వాడే మా పెదనాయన. చిన్నకొడుకు, అంటే మా నాయన, అవ్వ దగ్గర బళ్ళారిలోనే ఉండిపోయినాడు. మన కుటుంబం మనలి శాఖ, బళ్ళారి శాఖ అని రెండుగా చీలింది అట్లానే.

1978 మే నెలలో ఒక తెల్లవారుజామున బళ్ళారిలో అవ్వ పోయింది. తాతకు తంతి కొట్టినారు. తాత వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం. అప్పటికే మట్టి చేసేసినారు. మా నాయనకు అప్పుడు పద్నాలుగేళ్ళు. తలకొరివి ఆ పిల్లాడే పెట్టినాడు. పెద్దకొడుకు లేడు, మొగుడు లేడు. ఆ సాయంత్రం వీధి తలుపు వైపు చూస్తూ నిలబడిన పద్నాలుగేళ్ళ పిల్లాడి నోట్లో నుంచి వచ్చిన మాట అది. "రావాలనుకుంటే వచ్చేవాడు." తాత 1991లో పోయినాడు. మాట మాత్రం పోలేదు.

నేను ఉద్యోగానికి 2012లో మద్రాసు వచ్చి మనలిలో పెదనాయన ఇంట్లో దిగినప్పటి నుంచీ ఈ కథ రెండో వైపు కూడా వింటున్నాను. పెదనాయన ఎక్కువ మాట్లాడడు. "దూరం రా" అంటాడు, అంతే. దూరం అంటే ఎంత? బళ్ళారికీ మద్రాసుకూ మధ్య ఉండేది ఎన్ని గంటలు? దీన్ని పట్టుకుని వెతకడం మొదలుపెడితే, మన ఇంటి కథ కంటే 46 ఏళ్ళు పాతదైన ఇంకో కథ దొరికింది. అది కూడా బళ్ళారి నుంచి మద్రాసు ప్రయాణమే. కాకపోతే గాలిలో.

1932: బళ్ళారి మీదుగా మద్రాసుకు

మన దేశంలో క్రమం తప్పకుండా నడిచే విమాన సర్వీసు మొట్టమొదట ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచింది అని అడిగితే చాలామంది కరాచీ నుంచి బొంబాయికి అంటారు. జె.ఆర్.డి. టాటా నడిపిన విమానం కాబట్టి అంతవరకే గుర్తుండిపోయింది. నిజానికి ఆ సర్వీసు బొంబాయిలో ఆగిపోలేదు. కరాచీ, అహ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి, మద్రాసు. అది దాని పూర్తి దారి.

ఎందుకు కరాచీ అంటే, లండన్ నుంచి ఉత్తరాలు మోసుకొచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసు 1929లో కరాచీ దాకా వచ్చింది. అక్కడి నుంచి దక్షిణానికి ఉత్తరాలు రైల్లోనే రావాలి. లండన్ నుంచి విమానంలో ఉరుకుతూ వచ్చిన ఉత్తరం కరాచీలో దిగి రైలెక్కి నిద్రపోయేది అన్నమాట. నెవిల్ వింట్సెంట్ అని పైలట్ ఒకాయన, మేమే కరాచీ నుంచి మద్రాసుకు విమానంలో తీసుకుపోతాం అనే ఆలోచనతో టాటాల దగ్గరకు వచ్చినాడు. ప్రభుత్వాన్ని ఒప్పించడానికే చాలా కాలం పట్టింది. చివరికి 1932 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.

1932 అక్టోబరు 15. పొద్దున జె.ఆర్.డి. టాటా కరాచీలోని డ్రిగ్ రోడ్ మైదానం నుంచి పస్ మాత్ అనే చిన్న విమానంలో లేచినాడు. ఒకే ఇంజను. పైలట్ కాక మరో ఇద్దరికి చోటు. రేడియో లేదు. గంటకు సుమారు 100 మైళ్ళ వేగం. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండిలో వచ్చినాయంట. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. దేశంలో అత్యంత వేగంగా పోయే బండికి తిండి పెట్టింది అత్యంత నిదానంగా పోయే బండి. మధ్యాహ్నానికి బొంబాయి జుహూ మైదానంలో దిగినాడు. అక్కడి నుంచి వింట్సెంట్ ఉత్తరాల సంచులు తీసుకుని బయలుదేరి, బళ్ళారి మీదుగా మర్నాడు మద్రాసు చేరినాడు.

ఈ సర్వీసు మొదటి ఏడాదిలోనే 1,60,000 మైళ్ళు ఎగిరింది. ఏడాదంతా కలిపి ఎక్కిన ప్రయాణికులు 155 మంది. అరవై వేల రూపాయలు లాభం. అంటే అది మనుషుల బండి కాదు, కాగితాల బండి. మనిషి కంటే మనిషి రాసిన మాట ముందు చేరడానికి పుట్టిన బండి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

బళ్ళారినే ఎందుకు ఎన్నుకున్నారు అనేది మ్యాపు చూస్తే తెలుస్తుంది. బొంబాయికీ మద్రాసుకూ మధ్య అంత చిన్న విమానం ఒక్క గుక్కలో పోలేదు, మధ్యలో ఎక్కడో దిగి పెట్రోలు పోసుకోవాలి. బళ్ళారి ఆ దారిలోనే ఉంది. పైగా అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కేంద్రం, పెద్ద కంటోన్మెంటు ఉన్న ఊరు. కొన్నేళ్ళకు ఆ సర్వీసు దారి హైదరాబాదు మీదుగా మారిపోయింది. బళ్ళారికి ఆ వైభవం కొద్ది కాలమే. నేను బడికి పోయే రోజుల్లో కంటోన్మెంటు వైపు పాత విమానాల మైదానం అని ఒకటుందని తెలుసు. అది దేశంలో మొదటి విమాన దారిలో ఒక మజిలీ అని మాత్రం ఏ మాస్టరూ చెప్పలేదు. చెప్పుంటే నేను రోజూ ఆ గోడ ఎక్కి చూసేవాణ్ణి.

ఇక లెక్క. బళ్ళారికీ మీనంబాక్కానికీ మధ్య గీత గీసినట్టు కొలిస్తే సుమారు 425 కిలోమీటర్లు, అంటే 265 మైళ్ళు. గంటకు 100 మైళ్ళ లెక్కన పస్ మాత్‌కు రెండు గంటల నలభై నిమిషాలు. గాలి ఎదురొస్తే మూడు గంటలు అనుకోండి. 1932లో.

ఆ గీత కింద ఏ ఊర్లు వస్తాయో కూడా చూసినాను. బళ్ళారి దాటగానే అనంతపురం, ఆ తరువాత రాయచోటికి దగ్గరగా, తరువాత తిరుపతికి దగ్గరగా పోయి మద్రాసు చేరుతుంది. అంటే మొత్తం రాయలసీమ మీదుగానే. పైనుంచి చూసిన పైలట్‌కు రెండు చివర్లా, మధ్యలోనూ ఒకే దేశం, ఒకే ప్రెసిడెన్సీ. ఎక్కడా ఒక రాష్ట్రం హద్దు లేదు.

రెండు చివర్లూ బయటే

ఆ హద్దు 1953లో వచ్చింది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న మద్రాసులోనే ప్రాణం వదిలినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. "మద్రాసు మనదే" అన్న మాట గెలవలేదు. మద్రాసు అటే ఉండిపోయింది. అదే రోజు బళ్ళారి జిల్లా కూడా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినాయి, బళ్ళారి ఊరితో సహా మిగిలింది మైసూరుకు పోయింది. విచిత్రం ఏమిటంటే, అంతకు రెండు నెలల ముందే, అంటే 1953 ఆగస్టులో, మొదటి విమానం నడిపిన ఆ కంపెనీని కూడా ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఒకే ఏడు దారీ మారింది, దారికి రెండు కొసలూ మారినాయి.

చూడండి, 1932 విమానం దిగిన చివరి రెండు ఊర్లు బళ్ళారి, మద్రాసు. రెండిటిలోనూ తెలుగువాళ్ళు నిండుగా ఉన్నారు. బళ్ళారి రాఘవ ఊరు పేరునే ఇంటిపేరు చేసుకుని తెలుగు నాటకం ఆడినాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు రాసింది ఆ ఊర్లోనే. మద్రాసు సంగతి చెప్పనే అక్కర్లేదు, తెలుగు పత్రిక, తెలుగు సినిమా పెరిగిందే ఇక్కడ. అయినా రెండు ఊర్లూ రాష్ట్రం బయటే పడినాయి. మన కుటుంబం ఆ రెండు ఊర్లనే ఎంచుకుంది! ఒక శాఖ కన్నడంలో చదువుకుంది, ఒక శాఖ తమిళంలో. మా పెదనాయన పిల్లలు తమిళ పేపరు చదువుతారు, నేను కన్నడ పేపరు చదువుతాను, పండక్కి కలిస్తే తెలుగులో పోట్లాడుకుంటాం.

చిన్నప్పుడు నా చరిత్ర పుస్తకంలో బళ్ళారి కర్ణాటకలో కలవడం ఒక విజయం. అనంతపురంలో మా అత్తకొడుకు నోట విన్న కథలో అదే ఒక నష్టం. ఇద్దరం ఒకే అవ్వ మనవళ్ళం. రెండూ ఎవరి వైపు నుంచి వాళ్ళకు నిజమే అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇంటి గొడవలు కూడా అట్లాంటివే అనేది ఇంకా ఆలస్యంగా తెలిసింది.

మనలి చుట్టూ విమానాలు

మనలి అంటే ఇప్పుడు అందరికీ పొగగొట్టాలే గుర్తొస్తాయి. కానీ ఈ చుట్టుపక్కల విమానాల చరిత్ర చాలా ఉంది. మనకు పడమట రెడ్‌హిల్స్ చెరువు. మద్రాసుకు తాగునీళ్ళు ఇచ్చే ఆ చెరువు రెండో ప్రపంచ యుద్ధంలో విమానాశ్రయం. నీళ్ళ మీద దిగే కాటలీనా విమానాలను బ్రిటిష్ వైమానిక దళం అక్కడ పెట్టింది, సముద్రం మీద గస్తీకి. ఇంకొంచెం ముందుకు పోతే షోలవరం. అక్కడ యుద్ధకాలపు రన్‌వే ఒకటుండేది. యుద్ధం అయిపోయినాక దాని మీద కార్ల పందేలు పెట్టినారు, మద్రాసువాళ్ళు తండోపతండాలుగా పోయి చూసేవాళ్ళు. పెదనాయన కుర్రతనంలో ఒకసారి సైకిలు మీద పోయి చూసొచ్చినాడంట. విమానం చూడ్డానికి పోతే కారు కనబడింది అంటాడు.

ఇంకా వెనక్కి పోతే, ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయలుదేరింది మన దగ్గర నుంచే. ఆయన ఇల్లు తండయారుపేటలో, మనలికి పది కిలోమీటర్ల లోపే. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చినాడు. పదిహేను నెలల పదిహేను రోజులు. పల్లకీలు, బోయీలు, దాదాపు వంద మంది పరివారం. దారి పొడవునా రాసుకుంటూ పోయినాడు కాబట్టి అది కాశీయాత్ర చరిత్ర అయ్యింది. ఆ కాలంలో బళ్ళారి పోవాలన్నా రోజుకు 20, 25 కిలోమీటర్ల నడక లెక్కన మూడు వారాల దాకా పట్టేది. అప్పుడు ఇంట్లో మనిషి పోతే, వార్త అందేసరికే కర్మలన్నీ అయిపోయేవి. అందుకు ఎవరూ ఎవరినీ తిట్టుకునేవాళ్ళు కాదు. రాలేరని అందరికీ తెలుసు కాబట్టి.

ఇక రిఫైనరీ. అక్కడ తయారయ్యే సరుకుల్లో విమాన ఇంధనం ఒకటి. ఇప్పుడది మనలి నుంచి మీనంబాక్కానికి భూమి కింద పైపులైనులో పోతుంది. 1932లో ఎద్దుల బండిలో పోయిన వస్తువు. మా తాత జీవితమంతా పైపులు బిగించినాడు, విమానం తాగే నూనె వండే చోట పని చేసినాడు, ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, ఏడుస్తూ చెప్పడం లేదు. అట్లా ఉండేది, అంతే. కాంట్రాక్టు ఫిట్టరు ఇంటి లెక్కల్లోకి విమానం టికెట్టు అనే మాటే రాదు.

ఇప్పుడు మన ఇంటి మాట

పెదనాయన ట్రంకు పెట్టెలో ఆ తంతి కాగితం ఇంకా ఉంది. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు కనబడతాయి. మీ భార్య పోయింది, వెంటనే బయలుదేరు అని ఇంగ్లీషులో నాలుగు మాటలు. పైన అంకెలున్నాయి, బళ్ళారిలో ఎప్పుడు ఇచ్చినారు, మద్రాసులో ఎప్పుడు అందుకున్నారు అని. ఆ అంకెలు చూసినప్పుడు నాకు ఆఫీసులో లాగ్ ఫైలు చూసినట్టు అనిపించింది. మనుషులు మర్చిపోతారు, లాగ్ మర్చిపోదు. దాన్నీ, పెదనాయన చెప్పినదాన్నీ, నాయన చెప్పినదాన్నీ వరసగా పెట్టినాను.

అవ్వ పోయింది తెల్లవారి 5 గంటలకు. ఇందులో ఇద్దరూ ఒకటే చెబుతారు. తంతి ఇచ్చింది పొద్దున 8.40కి. మద్రాసులో అందింది 1.15కి. మనలిలో ఇంటికి చేరేసరికి నాలుగు. తాత పనిలో ఉన్నాడు. పెదనాయనకు అప్పుడు పందొమ్మిదేళ్ళు, సైకిలు మీద పోయి గేటు దగ్గర చెప్పించి పిలుచుకొచ్చేసరికి ఐదు. చేతిలో డబ్బు లేదు, నెలాఖరు. పక్కింటి నెల్లూరాయన ఇచ్చినాడు. బస్సులో ప్యారిస్, అక్కణ్ణుంచి సెంట్రల్. రాత్రి బొంబాయి మెయిలు, జనరల్ బోగీలో, తలుపు దగ్గర నిలబడి.

మద్రాసు నుంచి బొంబాయికి రైలు దారి 1871లో రాయచూరు దగ్గర కలిసింది. రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా పోతుంది. బళ్ళారి ఆ దారిలో లేదు. గుంతకల్లులో దిగి బండి మారాలి. అక్కణ్ణుంచి అప్పట్లో మీటర్ గేజి. మద్రాసు నుంచి గుంతకల్లుకు 440 పైచిలుకు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బళ్ళారికి ఇంకో యాభై. మొత్తం సుమారు 490. మర్నాడు పొద్దున గుంతకల్లులో దిగి, రెండో బండి కోసం కాచుకుని, బళ్ళారి స్టేషను నుంచి ఇంటికి పరుగెత్తేసరికి మధ్యాహ్నం 12. తంతి రాసిన గంట నుంచి లెక్కిస్తే 27 గంటల 20 నిమిషాలు.

మట్టి చేసింది ముందు రోజు సాయంత్రం 5కు. బళ్ళారి మే ఎండ తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఐసు పెట్టెలు లేని కాలం. దాయాదులు పొద్దు గుంకకముందే ఎత్తాల అన్నారు. అది కూడా తప్పు కాదు.

టెస్టింగులో మేము చేసేది ఏమిటంటే, అన్నీ కలిసొచ్చినాయి అనుకుని ఒకసారి లెక్క వేస్తాం. అట్లా కూడా పని జరగకపోతే తప్పు మనిషిది కాదు, అసలు వీలే లేదు అని అర్థం. అట్లానే వేసినాను. తంతి ఒక్క నిమిషం కూడా ఆగకుండా 8.40కే తాత చేతిలో పడింది అనుకుందాం. డబ్బు జేబులోనే ఉంది అనుకుందాం. సెంట్రల్ చేరేసరికి ఒక బండి తనకోసమే కదలడానికి సిద్ధంగా ఉంది అనుకుందాం. 10 గంటలకు ఎక్కినాడు. గుంతకల్లుకు తక్కువలో తక్కువ ఎనిమిది గంటలు, అంటే సాయంత్రం 6. అక్కడ రెండో బండి కూడా తయారుగా ఉంది అనుకున్నా, బళ్ళారిలో దిగేసరికి 7.30, 8. మట్టి 5కే అయిపోయింది.

వెనక నుంచి లెక్కిస్తే ఇంకా తేటగా ఉంటుంది. సాయంత్రం 5 లోపల ఇంట్లో ఉండాలంటే, పది గంటల ప్రయాణం కాబట్టి, పొద్దున 7కు ముందే సెంట్రల్‌లో రైలెక్కి ఉండాలి. 7కు తంతి ఇంకా రాయనే లేదు. ఆఫీసు తలుపు తెరిచి కాగితం నింపింది 8.40కి. అంటే తాతకు ఆ వార్త తెలిసే లోపలే రైలు కదిలిపోయి ఉండాలి.

రావాలనుకున్నా రాలేడు. ఏ లెక్కలోనూ రాలేడు.

ఒక్క పస్ మాత్ మాత్రం వచ్చేది. 1932 నాటి ఆ చిన్న విమానానికి రెండు గంటల నలభై నిమిషాలు. 46 ఏళ్ళ ముందు ఉత్తరాల సంచి ఎంత వేగంగా పోయిందో, అంత వేగంగా మా తాత పోలేకపోయినాడు. ఇక్కడే నాకొకటి అర్థమైంది. రెండు ఊర్ల మధ్య దూరం ఎంత అనేదానికి ఒకే జవాబు ఉండదు. ఎవరికి అనేది ముందు అడగాలి. కాగితానికి ఒక దూరం, కలెక్టరుకు ఒక దూరం, ఫిట్టరుకు ఒక దూరం.

పోయిన ఏడు

ఈ లెక్క నేను వేసుకుని నాలుగేళ్ళయింది. నాయనకు చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలీలేదు. తండ్రి మీద ఉన్న కోపాన్ని కొడుకు లెక్క వేసి తీసేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

పోయిన ఏడు మార్చిలో పొద్దున 5.30కి బళ్ళారి నుంచి ఫోను. నాయనకు ఛాతీలో నొప్పి, ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అని. అప్పుడు నేను మనలిలో మంచం మీద కూర్చుని ఫోనులో విమానాలు వెతికినాను. బళ్ళారికి దగ్గర తోరణగల్లులో విద్యానగర్ విమానాశ్రయం ఉంది. చెన్నై నుంచి అక్కడికి గీత కొలతలో సుమారు 450 కిలోమీటర్లు, ఈ కాలం విమానానికి గంట, గంటంబావు పని. కానీ ఆ రోజు నేరుగా పోయేది నాకు దొరకలేదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచి చెన్నైకి సర్వీసు పెట్టినారు, కడపలో కూడా 2015 నుంచి కొత్త టెర్మినలు ఉంది. చిన్న ఊర్లకు విమానం అనే ఉడాన్ పథకం 2017లో మొదలైనప్పుడు మొదటి రోజు ఎగిరినవాటిలో కడప నుంచి హైదరాబాదు సర్వీసు ఒకటి. పేపర్లో ఇదంతా చదివి సంతోషపడినవాణ్ణే. కానీ మనకు అవసరమైన రోజున, మనకు కావలసిన గంటకు ఉంటేనే కదా అది దారి! లేకపోతే మ్యాపులో గీతే.

చివరికి బెంగళూరు విమానం పట్టుకున్నాను. వింకో నగర్ నుంచి విమానాశ్రయానికి మెట్రో 2021 నుంచి నేరుగా ఉంది కాబట్టి ఊరంతా దాటడానికి గంటే పట్టింది. 9.20కి విమానం, 10.20కి బెంగళూరు. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన దేవనహళ్ళిలో ఉండడం ఆ రోజు కలిసొచ్చింది. అక్కడే టాక్సీ మాట్లాడుకుని పెనుకొండ, అనంతపురం మీదుగా బళ్ళారి ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం 4. పదిన్నర గంటలు. అందులో గాలిలో ఉన్నది గంట.

అప్పటికి ప్రమాదం దాటింది. స్టెంటు వేసినారు. మర్నాడు వార్డులోకి మార్చినాక నాయన నన్ను అడిగిన మొదటి మాట, "ఎంతసేపు పట్టె రా?"

"పదిన్నర గంటలు నాయనా."

"ఇమానంలో వస్తివే?"

"విమానంలోనే."

కాసేపు పైకప్పు వైపు చూసినాడు. నేను ఫోను తీసి తంతి కాగితం ఫోటో చూపించినాను. అంకెలు చదివి వినిపించినాను. 8.40. 1.15. నాలుగు. ఐదు. సెంట్రల్. గుంతకల్లు. నేను లెక్క చెప్పలేదు, గంటలు మాత్రమే చెప్పినాను. నెలాఖరు అని, నెల్లూరాయన డబ్బిచ్చినాడని, రాత్రంతా తలుపు దగ్గర నిలబడి వచ్చినాడని చెప్పినాను. నిలబడిన సంగతి ఆయనకు తెలీదు. ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు.

నాయన ఏడవలేదు. క్షమించినాను అని కూడా అనలేదు, సినిమాల్లో మాదిరి. "నిలబడుకోనే వచ్చినాడా?" అన్నాడు. మళ్ళీ కొంచెం సేపటికి, "అన్నకు ఫోను చెయ్యి, మాట్లాడతా" అన్నాడు.

ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, టీ తాగడానికి బయటికి పోయినాను. ఆ తరువాత దసరాకు నాయన మనలికి వచ్చినాడు, మొట్టమొదటిసారి. రైల్లోనే. గుంతకల్లులో ఇప్పుడు గేజి తేడా లేదు. రిఫైనరీ గోడ పక్కన కారు ఆపమన్నాడు. తాత పని చేసిన గేటు ఏది అని పెదనాయనను అడిగినాడు. పెదనాయన చూపించినాడు.

మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ ఇళ్ళల్లో కూడా "రావాలనుకుంటే వచ్చేవాడు", "ఇయ్యాలనుకుంటే ఇచ్చేవాడు" అనే మాటలు ఉంటాయి. వాటిని నమ్మేముందు ఆ కాలం రైలు టైమేమిటి, జీతం ఎంత, తంతి ఎప్పుడు అందింది అని ఒకసారి కనుక్కోండి. ట్రంకు పెట్టెల్లో కాగితాలు పారేయకండి. 2013 జులైలో మన దేశంలో తంతి సర్వీసే ఆగిపోయింది, అట్లాంటి కాగితం ఇక పుట్టదు. మీ దగ్గర పాత టికెట్లు, ఉత్తరాలు, తంతులు ఏమున్నా ఫోటో తీసి నాకు పంపండి. తారీకు, గంట కనబడేట్టు తీయండి.